తాంబూలంతో ఎరువిచ్చిన బొమ్మలు

గుడియాత్తంలో నూలు వ్యాపారం చేసిన కాళహస్తి శెట్టిగారికి నేను మునిమనవరాలిని. ఆయన కొడుకు, మా తాత గురవయ్య శెట్టిగారి కాలంలో ఆ ఊరి మగ్గాలలో సగానికి మా కొట్టునుంచే నూలు పోయేదనీ, జాతరనాడు గంగమ్మ అమ్మవారి సిరసు ఊరేగింపు మా వాకిట ఆగి మా ఇంటి హారతి అందుకున్నాకే ముందుకు కదిలేదనీ, ఆర్కాడు నుంచీ కావేరిపాక్కం నుంచీ వచ్చే వ్యాపారులు మా అరుగు ఎక్కేముందు చెప్పులు వీధిలోనే విడిచేవారనీ చెబితే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. గొప్పలు చెప్పుకోవడానికి నేనిది రాయడం లేదు. ఒక బొమ్మను అద్దాల పెట్టెలో పెట్టి, చుట్టూ దీపాలు వెలిగించి, అది ఎవరింటిదో ఎవరికీ తెలియకుండా నిలబెడితే, ఎవరిదో చెప్పవలసిన బాధ్యత ఆ ఇంట్లో మిగిలినవాళ్ళదే కదా. మా ఇంట్లో మిగిలింది నేనొక్కతెనే.

పోయిన నవరాత్రులలో ఒక నూలు చీర కొనుక్కుందామని వేలూరులో ఒక పెద్ద బట్టల అంగడికి వెళ్ళాను. వాకిట్లోనే బొమ్మల కొలువు పెట్టి ఉంది. ఈ మధ్య అన్ని అంగళ్ళలోనూ పెడుతున్నారు, వచ్చేవాళ్ళు పక్కన నిలబడి ఫోటోలు తీసుకోవడానికి. ఆ కొలువుకు ఒక పక్కన, వేరుగా, అద్దాల పెట్టెలో మా శెట్టి బొమ్మ, కొలువులో అంగడి పెట్టుకునే మట్టి బొమ్మ, కూర్చుని ఉంది. మాదని ఎలా గుర్తుపట్టానంటే, మా అన్న చిన్నతనంలో దాన్ని కింద పడేస్తే మెడ దగ్గర బీటపడింది; ఆ బీట కనబడకుండా మా నాయనమ్మ రంగులవాడిని పిలిపించి దాని మెడలో బంగారు రంగుతో గొలుసు వేయించింది. మరే శెట్టి బొమ్మ మెడలోనూ అంత లావు గొలుసు ఉండదు. నాకు తెలియకుండానే పెట్టె తలుపు మీద చెయ్యి వేసినట్టున్నాను. చిత్తూరు వైపు గిరాకీలు ఎక్కువ కాబట్టి ఆ అంగడివాళ్ళందరికీ తెలుగు వస్తుంది, ఒకతను పరుగెత్తుకొచ్చి, "అవ్వా, తొడాదీంగ, ముట్టుకోవద్దు. పాతకాలంది అది, మా అంగడి మొదలాళి కోపం చేసుకుంటారు," అన్నాడు. చెయ్యి తీసేశాను. చీర కొనకుండానే గుడియాత్తం బస్సెక్కాను.

ఆ బొమ్మ అక్కడికి ఎలా చేరిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మిల్లు నూలూ మర మగ్గాలూ వచ్చాక మా నాన్నగారి హయాంలోనే వ్యాపారం కుంగిపోయింది. నేను చదువుకుని బడిపంతులమ్మనయ్యాను. మా ఇంటి ఆడపిల్ల ఒకరి దగ్గర జీతానికి వెళ్ళడం అదే మొదలు. మా నాయనమ్మ బ్రతికి ఉంటే ఒప్పుకునేది కాదు. అన్నకు పిల్లలు కలగలేదు, నేను పెళ్ళి చేసుకోలేదు. అన్న పోయాక మా వదిన వేలూరులో పుట్టింటివారి వీధికి చేరి, అక్కడ పిల్లల హోం ఒకదానికి కమిటీలో పెద్దగా ఉండేది. ఉద్యోగం నుంచి దిగి నేను ఇంట్లో కూర్చున్న ఏడాది, గోడలు చూసుకుంటూ ఎన్నాళ్ళుంటావు, శనివారాలు వచ్చి మా పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పరాదా అని ఆమే పిలిచింది. మా వదిన మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నేను ఇంకా పావడాలు కట్టుకునేదాన్ని. నా తలకు నూనె పెట్టింది, నాకు జడ వేసింది, నవరాత్రులలో నా పక్కన కూర్చుని కొలువు తీర్చింది. ఆమె పిలిస్తే నేను మారుమాట అనలేదు.

కాట్పాడి స్టేషనులో తప్పిపోయిన పిల్లలూ, రైళ్ళలో దొరికిన పిల్లలూ, ఇంట్లో ఉండలేక వచ్చేసినవాళ్ళూ ఆ హోంలో ఉండేవారు. నేను బడిలో ఏళ్ళ తరబడి పాఠం నోట్సు రాసినదాన్ని, అలవాటుకొద్దీ నెల పాఠాలూ వరసగా రాసుకుని, కొత్త సుద్దముక్కల పెట్టె సంచిలో వేసుకుని వెళ్ళాను. మొదటి నెలలోనే నా నోట్సు ఎందుకూ పనికిరాదని తెలిసిపోయింది. బడిలో ఈ వారం సగం చెప్పిన పాఠం వచ్చేవారం పూర్తిచేస్తాము. ఇక్కడ ఈ శనివారం ముందు వరసలో కూర్చున్న పిల్ల వచ్చే శనివారానికి ఉండదు. ఎవరో వచ్చి తీసుకుపోయి ఉంటారు, లేకుంటే ఇంకో ఊరికి పంపేసి ఉంటారు. ఆ చోట్లో కొత్త పిల్లవాడు బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంటాడు. ఒకరికి అరవం, ఒకరికి తెలుగు, ఇంకొకరికి హిందీ. రాయడం వచ్చినవాళ్ళు కొందరు, పలకే పట్టనివాళ్ళు కొందరు. వాళ్ళకు పాఠం అంటే ఆ పూటే మొదలై ఆ పూటే ముగియాలి, భాష లేకపోయినా అర్థం కావాలి, ఇంటి దగ్గర అమ్మానాన్నలు ఏం చేస్తారు అన్న ప్రశ్న అందులో పొరపాటున కూడా రాకూడదు. మన వాచకాలలో ఆ ప్రశ్న లేని పాఠం వెతకండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

అలాంటి పాఠం కోసం ఇంట్లో వెతుకుతుంటే మా నాయనమ్మ కొలువు పెట్టె కనబడింది. పాత పంచెల ముక్కలలో చుట్టిపెట్టిన మట్టి బొమ్మలు: శెట్టి, శెట్టి భార్య, వాళ్ళ ముందు పేర్చే చిన్న చిన్న గంపలు, పెళ్ళి ఊరేగింపు, మేళగాళ్ళు, పది అవతారాలు, నీళ్ళ బిందె మోసే ఆడది. నేను వారానికొక బొమ్మను మెత్తగా చుట్టుకుని సంచిలో పెట్టుకుని బస్సెక్కేదాన్ని. దారి పొడవునా ఒడిలోనే పెట్టుకుని, ఈ బొమ్మతో ముందు ఏం చెప్పాలి, తర్వాత చేతులతో ఏం చేయించాలి, చివర ఏం ఆడించాలి అని ఆలోచించుకునేదాన్ని. కాట్పాడి వచ్చేసరికి పాఠం తయారయ్యేది. శెట్టి బొమ్మ వచ్చిన రోజు అందరం అంగడి పెట్టాము. చింతగింజలూ కందిపప్పూ గవ్వలూ గంపలలో పోసి, తూకాలూ కూడికలూ తీసివేతలూ అన్నీ ఆ అంగడిలోనే. పిల్లలు అడిగితే శెట్టిని మళ్ళీ మళ్ళీ తెచ్చాను. మేళగాళ్ళు వచ్చిన రోజు పళ్ళేల మీద తాళం. బిందె ఆడది వచ్చిన రోజు బంకమట్టి తెప్పించి ఎవరి బొమ్మ వాళ్ళే చేసుకున్నారు.

పిల్లలు నన్ను టీచరమ్మ అనమంటే అనలేదు, బొమ్మలవ్వ అని పేరు పెట్టారు. మొదట్లో నాకది నచ్చలేదు. బడిలో పిల్లలు నా ఎదుట గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఇక్కడ పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల ఉండేది, ఎనిమిదేళ్ళుంటాయేమో, రైల్లో ఒంటరిగా దొరికిందట. వచ్చిన మొదటి వారమే శెట్టి బొమ్మ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఇక అక్కడినుంచి లేచేది కాదు. నేను గవ్వలు ఇచ్చి కందిపప్పు అడిగితే, "నీకు అప్పు లేదు పో అవ్వా, పోయిన వారందే ఇయ్యలా," అనేది. ఇంకోసారి శెట్టి బొమ్మ వైపు చూసి, "ఈయప్పకు తూకం తెలీదు. ఊరికే గొలుసేసుకోని కూసోనుండాడు," అని తేల్చేసింది. కాళహస్తి శెట్టిగారి కొట్టులో కూర్చున్న ఏ మగవాడినీ అంత మాట అనగలిగినవారు లేరు. నేను నవ్వాను. నన్ను నేనే నవ్వుతుండగా పట్టుకుని, ఇన్నేళ్ళుగా ఎక్కడ దాచుకున్నాను ఈ నవ్వు అనుకున్నాను.

ఆ ఏడు నవరాత్రులకు నేను పెద్ద ఏర్పాటే ఆలోచించాను. ఎప్పుడూ ఒకరింటి పండుగకు వెళ్ళి చేయి చాచి గుగ్గిళ్ళు పుచ్చుకునే పిల్లలు, ఈసారి తామే కొలువు పెట్టి, తామే వచ్చినవాళ్ళను రండి కూర్చోండి అని పిలిచి, తమ చేతులతో గుగ్గిళ్ళు పెట్టాలి. రోజుకు ఒక జట్టు ఇంటివాళ్ళు. ఎవరు ముగ్గు వేయాలి, ఎవరు బొమ్మ కథ చెప్పాలి, ఎవరు నీళ్ళు ఇవ్వాలి, అన్నీ రాసి గోడకు అతికించాను. దానికి బొమ్మలన్నీ కావాలి. వదిన కూడా అదే అడిగింది, పండుగ ముగిసేదాకా మొత్తం పెట్టె పంపించరాదా అని.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. మా గడప దాటి ఏ వస్తువు బయటికి వెళ్ళినా తాంబూలంతోనే వెళ్ళేది. దానమిచ్చినా, వాడుకుని తిరిగి తెమ్మని ఎరువిచ్చినా. ఎదురింటివాళ్ళు పెళ్ళికి పెద్ద గంగాళం అడిగితే, దాని మీద పళ్ళెం పెట్టి, ఆకువక్కా పసుపుకొమ్మూ అరటిపండూ ఉంచి ఇచ్చేది మా నాయనమ్మ. వాళ్ళు తిరిగి తెచ్చేటప్పుడు వాళ్ళూ తాంబూలంతోనే తెచ్చేవారు. ఉత్త చేతులతో ఇవ్వడం అంటే, పోయి మళ్ళీ రాకు అని వస్తువును తరిమినట్టు ఉంటుందని ఆమె నమ్మకం. వేరే ఇళ్ళలో ఈ పద్ధతి లేదని నాకు తెలుసు. వేరే ఇళ్ళ సంగతి మాకెందుకని కూడా తెలుసు. అందుకే పెట్టె హోంకు చేరిన రోజు, కమిటీవాళ్ళందరూ కూర్చుని ఉండగా, మా ఇంటి వెండి పళ్ళెంలో తాంబూలం పెట్టి, పెట్టె మీద ఉంచి, మా వదిన చేతికి అందించాను. కాగితం ముక్క రాయించుకోలేదు. వదిన చేతికి ఇస్తూ కాగితం అడిగేదాన్ని కాను. పెట్టెను రెండు చేతులతో అందుకుని ఆమె కళ్ళకు అద్దుకుంది.

తొమ్మిది రోజులూ నేను బ్రతికిన రోజులలో మంచివి. అక్కడి బెంచీలు పేర్చి, దుప్పట్లు పరిచి కొలువు తీర్చాము. పలమనేరు పిల్ల వచ్చినవాళ్ళందరినీ శెట్టి అంగడి ముందు నిలబెట్టి, ఏదైనా కొనందే గుగ్గిళ్ళు లేవని పట్టుబట్టింది. బొమ్మలను పిల్లలే తుడిచారు, పిల్లలే మోశారు, ఒక్క బొమ్మ వేలు కూడా విరగలేదు. చూడవచ్చినవాళ్ళలో చెన్నై నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి బొమ్మలను ఒక్కొక్కటే తలకిందులు చేసి అడుగు భాగం చూశాడు, మా వదినతో చాలాసేపు మాట్లాడాడు. నేను గుగ్గిళ్ళ దగ్గర ఉన్నాను. విజయదశమి రాత్రి ఆనవాయితీ ప్రకారం ఒక బొమ్మను పడుకోబెట్టి కొలువు ముగించాము. మర్నాడు నేను పెట్టె సర్దబోతే, పిల్లలు ఏడుస్తారు, కొన్నాళ్ళు అలమరలో ఉండనీ, నీ పాఠాలకూ వీలు కదా అంది వదిన. నిజమే కదా అనుకున్నాను. వారానికొకటి మోసే పని తప్పింది. వానాకాలమంతా ఆ అలమర తెరిచే పాఠాలు చెప్పాను.

వానలు వెనకపట్టాక ఒక శనివారం వెళ్ళేసరికి అలమర ఖాళీగా ఉంది. ఆ రోజుకు నేను పెళ్ళి ఊరేగింపుతో పాఠం అనుకుని వెళ్ళాను, ముందెవరు వెనకెవరు అని లెక్కించే పాఠం. పిల్లలు ఎప్పటిలా మీదికి ఉరకలేదు. వరసగా, బుద్ధిగా కూర్చుని ఉన్నారు. అందరికంటే వెనక, గోడకు ఆనుకుని పలమనేరు పిల్ల. బొమ్మలేవమ్మా అని అడిగాను.  వెనకనుంచి ఆ పిల్లే అంది:

"నువ్వే గదా అవ్వా వ్యానులో ఎత్తుకోని పోయింది. మేము పగలగొడతామని భయపడినావంట."

 ఆ పిల్ల తల వంచుకుని, కింద గచ్చు మీద వేలితో ఏదో గీస్తూ, "మేము ఒగటన్నా పగలగొట్టలేదే," అంది.

ఆ సాయంత్రమే వదిన ఇంటికి వెళ్ళాను. ఆమె కాఫీ పెట్టి ఇచ్చింది. చెన్నై పెద్దమనిషి కొంటానని అడిగినప్పటినుంచీ కమిటీలో మాట నడుస్తోందట. పిల్లలకు సరైన స్నానాల గది లేదు, బొమ్మలు అమ్మితే అది అవుతుందని అందరూ అన్నారట. ఇదంతా ఆమె నా ముఖంలోకి చూడకుండా చెప్పింది. ఎంతకు అమ్మారని నేను అడగలేదు. ఆ పెద్దమనిషి దగ్గరినుంచి ఎన్ని చేతులు మారి శెట్టి ఆ బట్టల అంగడికి చేరాడో నాకు తెలియదు. ఎరువిచ్చిన వస్తువు ఎలా అమ్మారని మాత్రం అడిగాను.

"ఎరువేంది అమ్మణ్ణీ? తట్టలో ఆకువక్క పెట్టి ఇస్తివి. కమిటీవోళ్ళందురూ చూసినారు. అట్ట ఇచ్చినంక అది హోం సొత్తే గదా."

"ఆకువక్క లేకుండా మనింట్లో ఏది గడప దాటినాది వదినా? ఎదురింటికి గంగాళం పోయిన దినం తట్ట పట్టుకోని నిలబడింది నువ్వే గదా."

వదిన కాఫీ గ్లాసును పక్కకు జరిపింది. ఆ హాలులో కూర్చున్న కమిటీవాళ్ళకు మా ఇంటి పద్ధతి తెలియదు, వాళ్ళను నేను తప్పుపట్టను. తెలిసినది ఆమె ఒక్కతె. అది దానం కాదు, ఎరువు అని ఆమె ఒక్క మాట అని ఉంటే చాలు.

"అదంతా ఆ కాలం," అంది. "పెట్టెలో చెద పట్టిచ్చుకోని ఏం జేస్తావు? నీ తర్వాత ఎవురుండారు ఆ బొమ్మలకు? పిల్లోళ్ళకు నీళ్ళ గది లేస్తా ఉండాది. పుణ్యం నీకే."

ఆమెకు కూడా ఎవరూ లేరని అనవచ్చు. అనలేదు. మా అన్న భార్యతో అనే మాట కాదది.

"పుణ్యం నాకొద్దు. బొమ్మలూ వద్దు. పిల్లోళ్ళతో మాత్రం నిజం చెప్పు వదినా. అవ్వ ఎత్తుకోని పోలేదు, మేమే అమ్మినామని. ఆ ఒక్క మాట చాలు నాకు."

"పిల్లోళ్ళకు ఇవన్నీ చెప్తారా? కమిటీ పరువేం గావాల? నాలుగు దినాలైతే వాళ్ళే మరిసిపోతారులే. ఆ పిల్లోళ్ళు రేపు యాడుంటారో ఏమో."

నువ్వే చెప్పవచ్చు కదా అని అడిగేవాళ్ళు ఉంటారు. చెప్పవచ్చు. ఆ పిల్లలకు ఉన్న ఇల్లు అదొక్కటే. మీకు అన్నం పెట్టేవాళ్ళు, మీకు దుప్పటి కప్పేవాళ్ళు మీతో అబద్ధం చెప్పారు అని నేను చెప్పి, సాయంత్రం బస్సెక్కి నా ఇంటికి నేను వచ్చేస్తే, వాళ్ళు ఎవరిని నమ్మి ఆ రాత్రి కళ్ళు మూసుకోవాలి? చెప్పవలసినవాళ్ళు చెబితేనే ఆ మాటకు పిల్లల దగ్గర విలువ. అందుకే వదినకు ఒక వారం గడువిచ్చి, ఎప్పటిలా సంచి సర్దుకుని, బొమ్మలు లేని పాఠం ఒకటి ఆలోచించుకుని తర్వాతి శనివారం వెళ్ళాను. కాగితాలతో చేసే పాఠం అది. ఎవరి అంగడి వాళ్ళు బొమ్మ వేసుకుని, అందులో తమకు కావలసినవన్నీ అమ్మకానికి పెట్టుకోవాలి. పలమనేరు పిల్ల దగ్గర నేను ముందుగా ఏం కొనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

ఆ పిల్ల లేదు. బుధవారం మేనమామ వచ్చి తీసుకుపోయాడని వార్డెను చెప్పింది. మంచివాడేనట, ఏడ్చాడట పిల్లను చూసి. పిల్ల వెళ్ళేముందు ఎవరైనా ఏమైనా చెప్పారా అని అడిగితే, ఏం చెప్పాలమ్మా అని వార్డెను నన్నే ఎదురు అడిగింది. ఆ పూట పాఠం పూర్తిగానే చెప్పాను. మొదలుపెట్టిన పాఠం మధ్యలో వదలడం నాకు తెలియదు. పిల్లల కాగితాలు వాళ్ళకే ఇచ్చేశాను. కొత్త స్నానాల గది గోడలకు తెల్లటి పలకలు అతికిస్తున్నారు, ఆ చప్పుడు మధ్యనే గేటు దాటి బయటికి వచ్చాను. మళ్ళీ వెళ్ళలేదు. ఆ పిల్లకు ఇప్పుడు పెళ్ళీడు వచ్చి ఉంటుంది. ఎక్కడో పలమనేరు దగ్గర ఒక పల్లెలో ఎవరైనా బొమ్మల మాట ఎత్తితే, ఇచ్చినట్టే ఇచ్చి తీసుకుపోయిన ఒక అవ్వ గురించి చెబుతుందేమో. అలా చెప్పడానికి ఆమెకు హక్కుంది. ఆమెకు తెలిసినది అదే.

వదినా నేనూ ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కలుస్తాము. బాగున్నావా అంటుంది, బాగున్నాను అంటాను. ఆమె పక్కన కూర్చునే భోజనం చేస్తాను. బయటివాళ్ళెవరూ మా మధ్య ఏదో జరిగిందని చెప్పలేరు. అక్కడ పెళ్ళివారి పేరు అచ్చువేసిన సంచిలో తాంబూలం ఇస్తున్నారు, లోపల ఒక ప్లాస్టిక్ డబ్బా, ఆకులు ఉంటే ఉన్నట్టు లేకుంటే లేనట్టు. ఎవరికివ్వాలో చూడకుండా గుమ్మం దగ్గర నిలబడిన కుర్రవాడు అందరి చేతుల్లోనూ ఒకటి పెడతాడు. మా వీధిలో ఇప్పుడు ఎవరూ ఎవరినీ గంగాళం అడగరు, నిచ్చెన అడగరు. ఎవరికి కావలసినది వాళ్ళు కొనుక్కుంటారు, లేకుంటే అద్దెకు తెచ్చుకుంటారు. అందులో మర్యాద తగ్గిందేమో గానీ మోసం కూడా తగ్గింది అంటారు మా పక్కింటివాళ్ళు. కావచ్చు. మోసపోవాలన్నా మనం నమ్మి ఒక వస్తువు చేతికి ఇచ్చిన మనిషంటూ ఒకరుండాలి. మాకు అలాంటివాళ్ళు ఉండేవారు, నా వయసువాళ్ళందరికీ ఇంటికొకరో ఇద్దరో ఉండేవారు, మనం మాట చెప్పనక్కరలేకుండా మన ఇంటి పద్ధతి తెలిసినవాళ్ళు. పోయింది బొమ్మలు కాదు, ఆ తెలిసినవాళ్ళు.

కొలువు తీర్చే మెట్లు మాత్రం ఇంట్లోనే ఉండిపోయాయి. ఆలంగాయం నుంచి టేకు తెప్పించి మా తాత చేయించినవి, మేకు లేకుండా ఒకదానిలో ఒకటి అమరుతాయి. మొన్న అరవవాళ్ళ మాసి నెలలో పాత కలప కొనేవాడు వస్తే వాటిని అమ్మేశాను.